బెంగళూరా మామిడితో ఓట్స్ బార్లు: గుజ్జు దగ్గర పడటం నుంచి ముక్క కోసేదాకా

జూన్ వచ్చిందంటే దామలచెరువు రోడ్డు మీద మామిడి ట్రాక్టర్లు వరసగా నిలబడతాయి. అన్నింట్లోనూ ఎక్కువ కనిపించేవి బెంగళూరా కాయలే. బయటివాళ్లు తోతాపురి అంటారు, కొస చిలక ముక్కులా వంగి ఉంటుంది కాబట్టి. మా చిత్తూరు వైపు చాలామంది నోట బెంగళూరానే. కోసుకు తినడానికి అందరూ బేనీషా, అంటే బంగినపల్లి కొంటారు. బెంగళూరా ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. 2025లో దీని ధర ఎంత పడిపోయిందంటే, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని చెప్పి, దానికి ప్రభుత్వం ఇంకో 4 కలిపి 12 చేయాల్సి వచ్చింది. ఆ ఏడు తిరుపతిలో మా ఇంటికి ఊరి నుంచి రెండు గంపల కాయలు వచ్చాయి. పారేయడానికి మనసొప్పక జ్యూస్ చేశాను, పప్పులో వేశాను, చివరికి ఓట్స్ బార్లలో పెట్టి చూశాను. అప్పటి నుంచి ఈ బార్లకు బేనీషా వాడటం మానేశాను.

కారణం పులుపు. బేనీషా ఉత్త తీపి. బెల్లం, వెన్న ఉన్న పిండి మధ్యలో పెట్టి ఓవెన్‌లో కాలిస్తే తీపి మీద తీపి పడి మొహం మొత్తుతుంది, మామిడి వాసన కూడా అణిగిపోతుంది. బెంగళూరా పండాక కూడా కాస్త పులుపు ఉంచుకుంటుంది. వేడికి ఆ పులుపు పోదు. రెండో ముక్క తినబుద్ధయ్యేది దానివల్లే. పీచు కూడా తక్కువ కాబట్టి గుజ్జు మెత్తగా వస్తుంది.

పండ్ల బార్లు ఇంట్లో కుదరలేదని చెప్పేవాళ్లలో ఎక్కువమందికి జరిగేది ఒకటే: అడుగు తడిసి ముద్దవుతుంది. నా మొదటి ట్రే అట్లాగే పోయింది. గుజ్జును పది నిమిషాలు ఉడికించి చాలనుకున్నాను. పైన ఎర్రగా కాలింది, ఇల్లంతా వాసన, కోస్తే అడుగున పచ్చి పిండి ముద్ద. ఓట్స్ తప్పు కాదు, ఓవెన్ తప్పు కాదు. పండులో నీళ్లు అట్లాగే ఉండిపోయాయి. అందుకే ఇక్కడ గుజ్జు గురించే ఎక్కువ రాస్తున్నాను.

ఏమేం కావాలి

8 అంగుళాల చదరపు ట్రేకు, 16 ముక్కలకు ఇవి సరిపోతాయి. వీలైతే కప్పులతో కాకుండా తూకంతో చేయండి. ఓట్స్ కప్పులో ఒకసారి వదులుగా, ఒకసారి గట్టిగా పడతాయి.

లోపలి గుజ్జుకు: మామిడి గుజ్జు 500 గ్రాములు, చక్కెర 60 గ్రాములు, నిమ్మరసం 2 టీస్పూన్లు, యాలకుల పొడి పావు టీస్పూన్, చిటికెడు ఉప్పు.

పిండికి: ఓట్స్ 150 గ్రాములు, గోధుమపిండి 120, వేయించి పొట్టు తీసిన శెనక్కాయ పప్పు 50, బెల్లం తురుము 110, ఉప్పు లేని వెన్న 130 గ్రాములు, వంట సోడా పావు టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్. ఉప్పు కలిపిన టేబుల్ బటర్ వాడితే విడిగా ఉప్పు వేయకండి.

పండ్లు ఎంచుకోవడం

కిలో పండ్లు కొనండి. తొక్క, టెంక పోగా అర కిలోకు కాస్త పైనే గుజ్జు వస్తుంది. అన్నీ బాగా మాగినవి తీసుకోకండి. నాలుగు పండ్లుంటే మూడు మాగినవి, ఒకటి దోరది ఉండాలి. దోరకాయలో పెక్టిన్ ఎక్కువ. జామ్ గడ్డకట్టేలా చేసే పదార్థం అదే. కాయ మాగేకొద్దీ అది తగ్గిపోతుంది. ఆ ఒక్క దోరకాయ వల్ల గుజ్జు తొందరగా దగ్గర పడుతుంది, పులుపూ నిలబడుతుంది.

కాయలు కొని వరిగడ్డిలోనో బియ్యం డబ్బాలోనో మగ్గబెట్టుకోగలిగితే అంతకంటే మంచిది లేదు. కార్బైడ్‌తో మాగబెట్టడం చట్టప్రకారం నిషేధం. అయినా పైన పసుపు పచ్చగా మెరుస్తూ, కోస్తే లోపల తెల్లగా, వాసన లేకుండా ఉన్న పండు చేతికొస్తే దాన్ని వాడకండి. వాసన లేని పండును ఎంత ఉడికించినా వాసన రాదు.

గుజ్జు దగ్గర పెట్టడం

దోరకాయను సన్నగా తరిగి, మాగిన పండ్ల ముక్కలతో కలిపి మిక్సీలో తిప్పండి. ఒక్క చుక్క నీళ్లు కూడా వద్దు. మిక్సీ తిరగకపోతే నిమ్మరసం ఇప్పుడే పోయండి.

అడుగు మందంగా ఉన్న వెడల్పాటి స్టీలు గిన్నె తీసుకోండి. ఇనప మూకుడు వద్దు, పులుపుకు ఇనుము కలిసి గుజ్జు నల్లబడుతుంది, తుప్పు రుచి వస్తుంది. వెడల్పు ఎంత ఎక్కువుంటే ఆవిరి అంత తొందరగా పోతుంది. గిన్నె లోతుగా ఉంటే గంటసేపు నిలబడాల్సి వస్తుంది, అంతలో రంగు కూడా ముదురుతుంది.

పొయ్యి మీద పెట్టేముందు ఖాళీ గిన్నెను తూచి ఆ అంకె రాసిపెట్టుకోండి. చివర్లో ఇదే మనకు దారి చూపిస్తుంది.

గుజ్జు, చక్కెర, ఉప్పు వేసి మధ్యస్థం మంట మీద మొదలుపెట్టండి. మొదటి ఐదారు నిమిషాలు పలచగా, నురగలా పొంగుతుంది. తర్వాత బుడగలు పెద్దవై టప్ టప్ అని చిమ్మడం మొదలవుతుంది. అప్పుడు మంట తగ్గించి, పొడుగు గరిటె పట్టుకోండి. చక్కెర కలిసిన గుజ్జు చేతి మీద పడితే మామూలు నీళ్లలా జారిపోదు, అంటుకుని కాలుస్తుంది. పిల్లలను పొయ్యి దగ్గరికి రానివ్వకండి. ఇక్కడి నుంచి గరిటె ఆపకూడదు, అడుగంతా తగిలేలా కలుపుతూ ఉండాలి.

ఎప్పుడు దించాలో నాకు మా అవ్వ నేర్పింది. ఆమె ఓట్స్ ఎప్పుడూ తినలేదు, కానీ మామిడి తాండ్ర కోసం గుజ్జు ఉడికించడం బాగా తెలుసు. గరిటెతో గిన్నె మధ్యలో ఒక గీత గీసేది. గుజ్జు రెండు పక్కల నుంచీ వచ్చి గీతను వెంటనే కప్పేస్తే తల అడ్డంగా ఊపేది. "ఇంకా నీళ్లుండాయి పాపా. గీత నిలబడేదాకా దించొద్దు." గీత గీశాక అడుగు స్టీలు తళుక్కున కనబడి, మనం ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేదాకా అట్లాగే ఉండాలి. ఆ తర్వాత నెమ్మదిగా, ఒళ్లు బరువైనట్టు, రెండు అంచులూ కలవాలి. మన బార్లకు అదే హద్దు. ఇంకా ముందుకు పోతే తాండ్ర అవుతుంది, ఓవెన్‌లో మళ్లీ కాలి పళ్లకు అతుక్కుంటుంది.

గీత మీద నమ్మకం కుదరకపోతే తూచండి. గిన్నె బరువు తీసేస్తే గుజ్జు 350 గ్రాముల దగ్గర ఉండాలి. 560 గ్రాములతో మొదలుపెట్టాం కాబట్టి 200 గ్రాములకు పైగా నీళ్లు ఆవిరైపోయాయన్నమాట. ఆ నీళ్లన్నీ లేకపోతే అడుగు పిండిలోకే దిగేవి. మా ఇంట్లో దీనికి 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది.

దించాక యాలకుల పొడి కలపండి, మిక్సీలో నిమ్మరసం వేయకపోయి ఉంటే అదీ ఇప్పుడే. పళ్లెంలో పలచగా పరిచి పూర్తిగా చల్లారనివ్వండి. వేడి గుజ్జును పిండి మీద వేస్తే వెన్న అప్పుడే కరిగి పొరలు కలిసిపోతాయి. ఈ పని ముందురోజు రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పొద్దున టెన్షన్ ఉండదు.

గుజ్జులో బెల్లం ఎందుకు వేయలేదని అడుగుతారు. వేయొచ్చు, రుచి బాగుంటుంది, కానీ పసుపు రంగు పోయి గోధుమ రంగు వస్తుంది. నాకు కోసినప్పుడు మధ్యలో ఆ పసుపు పట్టీ కనబడాలి. బెల్లం పిండిలో ఎలాగూ ఉంది.

ఓట్స్, బెల్లం, వెన్న

ఓట్స్‌లో రోల్డ్ ఓట్స్ అని రాసి ఉన్నవి తీసుకోండి, రేకులు పెద్దగా ఉంటాయి. రెండు నిమిషాల్లో ఉడికే రకం కూడా పనికొస్తుంది, కాకపోతే బార్ మెత్తగా, కేకులా వస్తుంది. నూకల్లా ఉండే స్టీల్ కట్ ఓట్స్ మాత్రం వద్దు, అవి ఈ కొద్దిపాటి తడికి ఉడకవు, పంటికి రాళ్లలా తగులుతాయి. ప్యాకెట్ తెరిచి చాలా రోజులైతే ముందు నాలుగు రేకులు నోట్లో వేసుకుని చూడండి. మిగతా ధాన్యాల కంటే ఓట్స్‌లో కొవ్వు ఎక్కువ, అందుకే మన ఎండలకు తొందరగా మక్కు వాసన పట్టి చేదెక్కుతాయి.

ఓట్స్‌ను నూనె లేకుండా సన్నని మంట మీద ఐదారు నిమిషాలు వేయించండి. రంగు మారక్కర్లేదు, కమ్మటి వాసన వస్తే చాలు. చల్లారాక మూడో వంతు తీసి మిక్సీలో రవ్వలా చేయండి. ఆ రవ్వ రేకుల సందుల్లో చేరి పట్టు ఇస్తుంది. ఇది మానేస్తే కోసేటప్పుడు పొడిపొడిగా రాలుతుంది. శెనక్కాయ పప్పును రోట్లో బరకగా దంచండి. మిక్సీలో వేస్తే ఒక్క క్షణం ఎక్కువైనా నూనె వదిలి ముద్దవుతుంది.

బెల్లం ముదురు రంగుది తీసుకోండి. మరీ తెల్లగా, పసుపుగా మెరిసేది రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం వేసి తీసింది కావచ్చు. సన్నగా తురిమి జల్లెడ పట్టాలి. చిన్న గడ్డ మిగిలినా ఓవెన్‌లో పాకమై ట్రేకు అతుక్కుంటుంది, అక్కడ ముక్క ఊడి రాదు. వానాకాలంలో బెల్లం చెమ్మగా ఉంటే తురుమును పళ్లెంలో పరిచి ఫ్యాన్ కింద గంటసేపు ఉంచండి.

ఇప్పుడు వెన్న. పుస్తకాల్లో గది వేడిలో మెత్తబడిన వెన్న అని రాస్తారు. తిరుపతిలో మే నెల మధ్యాహ్నం వెన్నను గట్టు మీద పెడితే పావుగంటలో నూనె అవుతుంది. మనకు ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి వెన్నే సరైనది. చిన్న ముక్కలుగా కోసి, ఓట్స్, గోధుమపిండి, శెనక్కాయలు, బెల్లం, సోడా, ఉప్పు కలిపిన పొడిలో వేసి, వేళ్ల కొనలతో నలపండి. అరచెయ్యి తగలనివ్వకండి, దాని వేడి ఎక్కువ. పిండి తడి ఇసుకలా అయ్యి, పిడికిలి బిగిస్తే ముద్దగా నిలిచి, వేలితో తడితే విరగాలి. అట్లా వస్తే ఆపేయండి, చపాతీ పిండిలా పిసకకూడదు.

వెన్న బదులు నెయ్యి వాడొచ్చు, వాసన అద్భుతంగా ఉంటుంది. కానీ అదే తూకం వేయకండి. వెన్నలో దాదాపు 16 శాతం నీళ్లు, నెయ్యి దాదాపు మొత్తం కొవ్వే. 105 గ్రాముల పేరిన నెయ్యి, ఒకటిన్నర టేబుల్ స్పూన్ చల్లటి పాలు వేస్తే లెక్క సరిపోతుంది. పాలు వేయకపోతే పిండి పట్టు లేకుండా జారిపోతుంది.

సోడా పావు టీస్పూన్ దాటితే సబ్బు వాసన వస్తుంది. తలకొట్టి కొలవండి.

ట్రేలో పరచడం, కాల్చడం

ట్రేలో బటర్ పేపర్‌ను రెండు పక్కలా బయటికి వేలాడేలా వేయండి, తర్వాత ఆ చెవులు పట్టుకునే బార్లు పైకి తీస్తాం. పిండిలో మూడింట రెండు వంతులు ట్రేలో వేసి, చదునైన గిన్నె అడుగుతో గట్టిగా అదమండి. మూలలను మరిచిపోకండి. మిగతా పిండిని ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండాకాలమైతే ట్రేను కూడా 15 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచండి.

ఓటీజీ అనే చిన్న కరెంటు ఓవెన్‌ను రెండు రాడ్లు వెలిగేలా పెట్టి, 180 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు వేడి చేయండి. కన్వెక్షన్ మైక్రోవేవ్ అయితే లోపల ఫ్యాన్ తిరుగుతుంది కాబట్టి 165 నుంచి 170 చాలు. అందులో స్టీలు ట్రేను కన్వెక్షన్ మీదే వాడాలి, పొరపాటున కూడా మైక్రోవేవ్ మోడ్ నొక్కకూడదు.

గుజ్జు వేయకుండా ముందు అడుగు పొరను ఒక్కదాన్నే 12 నుంచి 14 నిమిషాలు కాల్చండి. అంచులు కాస్త రంగు తిరగాలి. ఇది అదనపు పనిలా అనిపించి చాలామంది వదిలేస్తారు. గుజ్జు దగ్గర పెట్టడం ఒక కాపలా అయితే ఇది రెండోది. కాలిన పొర పచ్చి పొర కంటే తక్కువ తడి పీలుస్తుంది. బయటికి తీసి పది నిమిషాలు ఆరనిచ్చి, చల్లారిన గుజ్జును అంచుకు అర అంగుళం ఖాళీ వదిలి పరచండి. గుజ్జు ట్రే గోడకు తగిలితే అక్కడ మాడి అతుక్కుంటుంది. మీద మిగిలిన చల్లటి పిండిని చేత్తో పిడచలు పిడచలుగా చల్లండి. దీన్ని అదమకూడదు. సందుల్లోంచి ఆవిరి పోవాలి.

మధ్య అరలో 28 నుంచి 32 నిమిషాలు. ఓటీజీ గుండ్రటి బొత్తం మీది అంకెను నేను పూర్తిగా నమ్మను. లోపల పెట్టుకునే చిన్న ఓవెన్ థర్మామీటర్ కొన్నాక తెలిసింది, మా ఓటీజీ 180 దగ్గర పెడితే 160 కూడా ఎక్కడం లేదని. కాబట్టి గడియారం కంటే ట్రేను చూడండి. పైన పిడచలు ముదురు బంగారు రంగుకు రావాలి, అంచుల దగ్గర గుజ్జు మందంగా, నిదానంగా బుడగలు వేయాలి, వేయించిన శెనక్కాయ వాసన హాల్లోకి రావాలి. వెనక వైపు ముందే రంగు తిరిగితే 20 నిమిషాల దగ్గర ట్రేను ఒకసారి తిప్పి పెట్టండి.

మధ్యలో కరెంటు పోతే తలుపు తీయకండి. పది నిమిషాల్లో వస్తే లోపలి వేడే కాపాడుతుంది, చివర్లో ఐదారు నిమిషాలు ఎక్కువ ఉంచండి చాలు.

ఓవెన్ లేనివాళ్లు పెద్ద మందపాటి గిన్నెలో అర అంగుళం ఉప్పు పోసి, స్టాండ్ పెట్టి, మూతతో పది నిమిషాలు వేడి చేసి, ట్రే లోపల పెట్టి సన్నని మంట మీద 45 నుంచి 50 నిమిషాలు కాల్చొచ్చు. కుక్కర్ వాడితే విజిల్, గ్యాస్కెట్ రెండూ తీసేయాలి. పైనుంచి వేడి తగలదు కాబట్టి పై పొర తెల్లగానే ఉండిపోతుంది. అందుకే ఈ పద్ధతిలో పై పొర పిండిని పెనం మీద విడిగా ఎర్రగా వేయించి, చివరి పది నిమిషాల్లో చల్లుతాను.

చల్లారేదాకా ఆగడం

వేడిగా ఉన్నప్పుడు కోస్తే ఎంత బాగా కాలినా విరిగిపోతుంది. వెన్న, బెల్లం, పెక్టిన్ మూడూ చల్లబడ్డాకే గట్టిపడతాయి. ట్రేను జాలీ మీద రెండు గంటలు వదిలేసి, ఆ తర్వాత గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, పేపర్ చెవులు పట్టి పైకి తీయండి. పొడుగు చాకుతో పైనుంచి కిందికి ఒక్క ఒత్తుతో కోయండి, రంపంలా ఆడించవద్దు. ఒక్కో కోతకు చాకు తుడవండి. నాలుగు నిలువు, నాలుగు అడ్డం వరసలు వచ్చేలా కోస్తే 16 ముక్కలు.

ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే ఒక మాట. ఓట్స్ అని పేరుంది కదా అని వాళ్లకు పెట్టేయకండి. ఒక్కో ముక్కలో మనం కలిపిన చక్కెర, బెల్లం కలిపి 10 గ్రాములు దాటతాయి, మామిడి తీపి, పిండి పదార్థం దానికి అదనం. మా మామయ్యకు నేను సగం ముక్కే ఇస్తాను, అదీ అన్నం తిన్న పూట కాదు.

మామిడి లేని రోజుల్లో

డబ్బా గుజ్జు వాడొచ్చు, అయితే తీపి కలిపినదైతే చక్కెర పూర్తిగా మానేసి నిమ్మరసం రెట్టింపు చేయండి. దగ్గర పెట్టడం మాత్రం తప్పదు. నీలం కాయలు సీజన్ చివర్లో వస్తాయి, వాసన బాగుంటుంది, టెంక పురుగు ఉంటుందేమో కోసి చూసుకుని వాడండి.

జామపండు చాలా బాగా కుదురుతుంది. దానిలో పెక్టిన్ ఎక్కువ, గింజలు వడకట్టడమే పని. మదనపల్లె టమాటాలు చవకగా ఉన్నప్పుడు తొక్క తీసి, బెల్లం, అల్లం, దాల్చిన చెక్క వేసి దగ్గర పెట్టి ఒకసారి చేసి చూడండి. టమాటాలో నీళ్లు ఎక్కువ కాబట్టి 350 గ్రాముల గుజ్జుకు కిలోకు పైనే పండ్లు కావాలి. సీతాఫలం జోలికి పోకండి, వేడికి దాని రుచి చేదెక్కుతుంది.

దాచడం, తీసుకెళ్లడం

ఎండాకాలంలో బయట ఒక్క రోజే. లోపల పండు ఉంది, మన వేడికి బూజు పడుతుంది. చలికాలంలో రెండు రోజులు ఉంటాయి. ఫ్రిజ్‌లో మూతున్న డబ్బాలో ఐదారు రోజులు, ముక్కల మధ్య బటర్ పేపర్ వేసి ఫ్రీజర్‌లో పెడితే రెండు నెలలు. మెత్తబడిన ముక్కలను 150 డిగ్రీల దగ్గర ఏడెనిమిది నిమిషాలు వేడి చేసి, చల్లారనిస్తే మళ్లీ కరకరలాడతాయి. గట్టు మీద పెట్టిన డబ్బాకు ఎర్రచీమలు పట్టకుండా కింద పళ్లెంలో నీళ్లు పోసి పెట్టండి.

అలిపిరి నుంచి నడిచి కొండెక్కేటప్పుడు మనిషికి రెండు ముక్కల చొప్పున తీసుకెళ్తాం. 3,550 మెట్లు, మధ్యలో పిల్లలు ఆకలంటారు. కొండ మీద ప్లాస్టిక్ కవర్లు వాడకూడదు కాబట్టి బటర్ పేపర్‌లో చుట్టి దారం కడతాను. ముందురోజు ఫ్రిజ్‌లో పెట్టి, తెల్లవారుజామున బయల్దేరేముందు తీస్తే గాలిగోపురం చేరేసరికి సరిగ్గా తినే మెత్తదనంలోకి వస్తాయి.